రెండు సెకన్ల గీత ఒక్కటే చాలదు

సంపాదకులకు,

గామా కిరణ విస్ఫోటాలపై (దూరపు గెలాక్సీల నుంచి కొద్దిసేపు వచ్చే గామా కిరణాల మెరుపులపై) మీ సైన్స్ పేజీలో వచ్చిన వ్యాసం బాగుంది. అయితే ‘మెరుపు రెండు సెకన్లు దాటితే భారీ నక్షత్రం కుప్పకూలినట్లు, లోపైతే న్యూట్రాన్ నక్షత్రాలు (భారీ నక్షత్రాలు పేలాక మిగిలే అతి సాంద్రమైన చిన్న గోళాలు) ఢీకొన్నట్లు’ అన్న సూత్రాన్ని తిరుగులేనిదిగా రాశారు. పోటీపరీక్షలకు చదివేవాళ్లు దాన్నే బట్టీ పడతారు కాబట్టి ఈ ఉత్తరం.

2021 డిసెంబరు 11 నాటి విస్ఫోటం సుమారు 50 సెకన్లు సాగింది. పై సూత్రం ప్రకారం తర్వాత సూపర్‌నోవా, అంటే కుప్పకూలిన నక్షత్రం పేలిన వెలుగు, కనిపించాలి. ఎంత వెతికినా లేదు. త్వరగా మసకబారుతూ ఎర్రబడే కిలోనోవా వెలుగు దొరికింది. న్యూట్రాన్ నక్షత్రాలు కలిసిపోయాయనడానికి అదే ఆనవాలు. ఉత్తరాఖండ్‌లోని దేవస్థల్ 3.6 మీటర్ల టెలిస్కోపు కూడా దాన్ని పరిశీలించింది. సూపర్‌నోవా ‘లేదు’ అని గట్టిగా చెప్పాలంటే దూరం తెలియాలి; మరీ దూరమైతే ఉన్నా కనిపించదు. సుమారు 110 కోట్ల కాంతి సంవత్సరాలన్న ఆ దూరం విస్ఫోటం చోటు పక్కనున్న గెలాక్సీ వర్ణపటం (కాంతిని రంగులవారీగా విడదీసిన పట్టీ) నుంచే తేలింది.

ఆ గెలాక్సీని పట్టుకోవడమే కష్టం. స్విఫ్ట్ ఉపగ్రహం మొదట చూపేది ఆకాశంలో కొద్ది ఆర్క్‌నిమిషాల (ఒక్కోటి డిగ్రీలో 60వ వంతు) వృత్తం. అందులో మసక గెలాక్సీలు వందల్లో ఉంటాయి. ఎక్స్‌రే టెలిస్కోపు దాన్ని కొద్ది ఆర్క్‌సెకన్లకు (ఒక్కోటి ఆర్క్‌నిమిషంలో 60వ వంతు) కుదిస్తుంది. ఆఫ్టర్‌గ్లో (విస్ఫోటం తర్వాత మిగిలి క్రమంగా ఆరిపోయే వెలుగు) మామూలు కాంతిలో దొరికితే ఆర్క్‌సెకను లోపలికి వస్తాం. అది ఆరిపోయాక, నెలల తర్వాత, అదే చోటును మళ్లీ ఎక్కువసేపు చిత్రించాలి. తొందరపడితే దాని వెలుగు గెలాక్సీ వెలుగులో కలిసి ప్రకాశం లెక్క తప్పుతుంది. అంత దగ్గరలో ఏదో ఒక గెలాక్సీ కాకతాళీయంగా ఉండే అవకాశాన్నీ లెక్కగట్టాలి.

వర్ణపటంలో ప్రతి మూలకానికీ తనవైన గీతలుంటాయి. ఒక్క గీతే దొరికితే నమ్మకూడదు. అది హైడ్రోజన్‌దో ఆక్సిజన్‌దో తేల్చలేం. పై విస్ఫోటపు గెలాక్సీకి రెడ్‌షిఫ్ట్ (విశ్వ వ్యాకోచం వల్ల కాంతి తరంగాలు ఎంత సాగాయో చెప్పే విలువ, దూరం దీన్నుంచే తేలుతుంది) 0.076. అంటే 6563 ఆంగ్‌స్ట్రామ్‌ల (తరంగదైర్ఘ్యపు కొలత) హైడ్రోజన్ గీత 7062 దగ్గరికీ, 4861 గీత 5230 దగ్గరికీ జరగాలి. రెండూ ఒకే విలువ ఇస్తేనే లెక్క కుదిరినట్లు. 7000 దాటాక మన వాతావరణపు సొంత గీతలు దట్టంగా ఉంటాయి, బలహీనమైన గీత వాటిలో మునిగిపోతుంది.

గెలాక్సీ స్వభావమూ సాక్ష్యమే. కుప్పకూలే నక్షత్రాలకు ఆయువు తక్కువ. అందుకే అలాంటి విస్ఫోటాలు కొత్త నక్షత్రాలు పుడుతున్న చిన్న, నీలి గెలాక్సీల్లో, అదీ ప్రకాశవంతమైన చోట్లలో ఎక్కువ. న్యూట్రాన్ జంటలు పుట్టుకలోనే తగిలిన తోపుతో కోట్ల ఏళ్లు ప్రయాణించి గెలాక్సీ బయటికీ పోతాయి. 2023 మార్చి 7 నాటిది తన గెలాక్సీకి సుమారు 1,20,000 కాంతి సంవత్సరాల దూరంలో పేలింది. అదీ రెండు సెకన్లకు మించి సాగినదే.

ఇకపై ఇలాంటి వార్త వేసేటప్పుడు ఎన్ని సెకన్లో చెప్పి వదిలేయకుండా, గెలాక్సీ దొరికిందా, రెడ్‌షిఫ్ట్ ఎన్ని గీతల మీద తేలింది, సూపర్‌నోవా కోసం వెతికారా అన్నవీ రాయమని మనవి.

— భౌతికశాస్త్ర అధ్యాపకులు, హైదరాబాద్