తూగుడుబల్ల దగ్గరా సైన్సు ఉంది

మా వార్డు పార్కులో రెండు ఉయ్యాలల్లో ఒకదాని గొలుసు తెగి ఏడాదైనా బాగుచేసే నాథుడు లేడు. మొన్న ఆదివారం మనవల్ని తీసుకెళ్లాను. నా బరువులో మూడో వంతైనా ఉండని మనవరాలు తూగుడుబల్ల చివర కూర్చుని, ‘తాతా, ఇంకా మధ్యకి జరుగు’ అంటూ నన్ను గాల్లోకి లేపేసింది! ఉన్న ఒక్క ఉయ్యాల మీద మనవడు ఒకసారి, చెల్లెలు ఒకసారి ఊగితే పది ఊపులకూ దాదాపు అదే టైమ్ పట్టింది. బరువు కాదు, గొలుసు పొడవు ముఖ్యమని వాళ్లకి నేను చెప్పాల్సి రాలేదు. ఈ తూగుడుబల్ల సూత్రాన్నే తులాదండం అనీ, ఉయ్యాల సూత్రాన్నే లోలకం అనీ బడిలో బట్టీ పట్టిస్తున్నారు. మున్సిపాలిటీ ముందుగా ఆ ఉయ్యాలకి గొలుసు వేయించి, ఒక్కో ఆటవస్తువు పక్కన తెలుగులో ఒక ప్రశ్న (జవాబు వద్దు) రాయించాలి. బడులు నెలకో సైన్సు పీరియడ్ అక్కడే పెట్టాలి.

– ఒక తాత