వార్షిక నివేదిక: మన గదిలో మనమే చెక్కుకున్న బోర్డులు

సభ్యులందరికీ నమస్కారం.

గత ఏప్రిల్ నుంచి ఈ మార్చి దాకా మన ఎలక్ట్రానిక్స్ హాబీ సంఘం చేసిన పనుల నివేదిక ఇది. నెలవారీ సమావేశాలు పిల్లల పరీక్షల నెలలో తప్ప ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారిగారు సభలో విడిగా చదువుతారు కాబట్టి ఇక్కడ వాటి జోలికి పోవడం లేదు. ఈ ఏడాది చెప్పుకోవలసింది ఎక్కువగా ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డులు చెక్కే ఒక్క మిషన్ గురించే.

ఈ మిషన్ కొనాలా, దండగా అని పోయిన సర్వసభ్య సమావేశంలో జరిగిన వాదన గుర్తుండే ఉంటుంది. రాగి పొర మీద ఇస్త్రీపెట్టెతో టోనర్ (లేజర్ ప్రింటర్ పొడి) అంటించి, మిగతా రాగిని కరిగించే ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచి బోర్డు చేసుకోవడం మనకు అలవాటైన పద్ధతి. ఆ మరకలు గది గచ్చు మీద ఇంకా ఉన్నాయి. మరకల సంగతి అలా ఉంచితే, వాడేసిన ద్రావణం అసలు తలనొప్పి. రాగి కలిసిన ఆ నీళ్ళను డ్రైనేజీలో పోయకూడదు. అలా అని దాచుకుంటూ పోతే బీరువా కింద డబ్బాలే మిగిలాయి. అందుకే చందాలు వేసుకుని 3018 రకం చిన్న సీఎన్‌సీ (కంప్యూటర్ చెప్పినట్టు కోసే మిషన్) కొన్నాం. కొలత దాని పేరులోనే ఉంది: 30 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల వెడల్పు మేర బిట్, అంటే కోసే మొన, తిరుగుతుంది. కీక్యాడ్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో గీసిన ట్రాకుల (కరెంటు వెళ్ళే దారుల) చుట్టూ అది సన్నని గాడి తీస్తుంది. గాడికి అటూ ఇటూ రాగి విడిపోతే ట్రాకు తయారైనట్టే.

చెప్పడానికి ఇంత తేలిక. మొదటి రెండు నెలలు ఒక్క బోర్డూ సరిగ్గా రాలేదు. ఒక మూల బిట్ గాలిలో తిరిగేది, ఇంకో మూల ట్రాకునే మింగేసేది. మిషన్ నాసిరకమని కొందరం, బిట్లు బాగోలేవని కొందరం గొడవపడ్డాం. తప్పు రెండింటిదీ కాదు. రాగి పొర మందం 35 మైక్రాన్లు, అంటే 0.035 మిల్లీమీటర్లు. మనం కొయ్యాల్సిన లోతు 0.1 మిల్లీమీటరు. కోఠీ గుజరాతీ గల్లీ నుంచి తెచ్చిన కాపర్ క్లాడ్ (రాగి పొర అంటించిన పలక) మాత్రం పాత అట్ల పెనంలా మధ్యలో ఒంగి ఉంది. మన బిట్ మొన 0.1 మిల్లీమీటరు, కోణం 30 డిగ్రీలు. 0.1 లోతుకు గాడి వెడల్పు 0.15 వస్తుంది. అదే పలక ఒంపు వల్ల 0.4 లోతుకు దిగితే వెడల్పు 0.3 దాటిపోతుంది.

దీనికి మందు హైట్ మ్యాప్, అంటే బోర్డు ఎత్తుపల్లాల పటం. బిట్‌కి ఒక క్లిప్, రాగికి ఒక క్లిప్ తగిలిస్తాం. బిట్ మెల్లగా దిగి రాగిని తాకగానే సర్క్యూట్ కలుస్తుంది, ఆ ఎత్తు కంప్యూటర్ రాసుకుంటుంది. 10×7 సెంటీమీటర్ల బోర్డుకి సెంటీమీటరుకొకటి చొప్పున 88 చోట్ల తాకించాలి. టీ తాగి వచ్చేలోగా అయిపోతుంది. ఆ తర్వాత కోత బోర్డు ఒంపులను పట్టుకునే సాగుతుంది. ఒకసారి క్లిప్ తీయకుండానే స్పిండిల్ (బిట్‌ని తిప్పే మోటారు) ఆన్ చేశాం, వైరు బిట్‌కి చుట్టుకుని తెగింది. ఇప్పుడు స్విచ్ పక్కన చీటీ ఉంది: "క్లిప్ తీశావా?"

వినాయక చవితికి మండపం లైట్ల కోసం 555 (టైమర్), 4017 (లెక్కించే చిప్) చిప్‌లతో పరుగెత్తే దీపాల బోర్డు చెక్కాం. చక్కగా వచ్చింది, కానీ అద్దంలో బొమ్మలా కుడిఎడమలు తారుమారై వచ్చింది. కింది వైపు డ్రాయింగ్‌ని తిప్పడం మరిచిపోయాం. అప్పటికి రాత్రి పది, పొద్దున్నే పూజ. ఒక కుర్ర సభ్యుడు చిప్‌లను రాగి వైపే పెట్టి సోల్డర్ చేసి పరువు నిలిపాడు. (దసరా ఆయుధపూజకు మిషన్‌కి బొట్టు పెట్టిన వారికి మనవి: కుంకుమ ఫ్రేమ్ మీద చాలు, పట్టాల మీద వద్దు.)

ఏడాది మొత్తంలో నాకు తృప్తినిచ్చింది సంపు మోటారు కంట్రోలర్ బోర్డు. ఓవర్‌హెడ్ ట్యాంకు నిండగానే మోటారు ఆపుతుంది. దీని మీద 230 వోల్టుల లైను ఉంటుంది కాబట్టి మామూలు సన్న గాడి పనికిరాదు. మధ్యలో మిగిలిన రాగి ముక్కలు మెయిన్స్‌కి (ఆ 230 వోల్టుల లైనుకి), నీటి మట్టం చూసే సెన్సర్ వైపుకి వంతెన వేసేస్తాయి. అందుకని ఆ రెండింటి మధ్య 6 మిల్లీమీటర్ల పైన రాగిని 1 మిల్లీమీటరు ఎండ్‌మిల్‌తో (చదునుగా కోసే బిట్‌తో) పూర్తిగా తీసేసి, రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) కింద బోర్డునే చీలిక కోశాం. రిలే, మోటారుకి కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్ అయిన కాంటాక్టర్ కాయిల్‌ని మాత్రమే నడుపుతుంది, మోటారు కరెంటు బోర్డు మీదికి రాదు. మెయిన్స్ ఉన్న బోర్డు ఎవరు చేసినా ఇద్దరు సభ్యులు చూసి సంతకం పెట్టాకే ప్లగ్గు పెట్టాలని కార్యవర్గం తీర్మానించింది.

కొన్ని చిన్న పాఠాలు. కోత అయ్యాక గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బర్‌తో రుద్దితే గాడి అంచుల్లో లేచిన రాగి నూగు రాలిపోతుంది. స్టీల్ పీచు వాడొద్దు, దాని పోగులు గాడిలో ఇరుక్కుని షార్ట్ అవుతాయి. మన బోర్డుకి టంకం అంటకుండా ఆపే పచ్చ మాస్క్ పూత ఉండదు, టంకం సులువుగా గాడి దాటేస్తుంది. కరెంటు ఇచ్చేముందు పక్కపక్క ట్రాకులు కలిసిపోయాయేమో మల్టీమీటర్ బీప్‌తో చూసుకోవాల్సిందే. మనం వాడే ఎఫ్‌ఆర్4 రకం బోర్డు దుమ్ములో గాజు నార ఉంటుంది. ముక్కుకు మాస్కు, వాక్యూమ్ క్లీనర్ లేకుండా మిషన్ నడపకూడదు. ఈ విషయంలో కొందరు పెద్దలే నిర్లక్ష్యం చేస్తున్నారు, పేర్లు రాయను.

మిషన్ కొనడం దండగని వాదించిన వారి మాట సగం నిజమే. ఒకే డిజైన్ పది కావాలంటే ఫ్యాక్టరీకి పంపడమే మేలు, రంధ్రాల లోపల రాగి పూత కూడా వస్తుంది. కానీ శనివారం సాయంత్రం వచ్చిన ఆలోచన ఆదివారం మధ్యాహ్నానికి చేతిలో వెలగడం చూసుకోవాలంటే ఇదొక్కటే దారి.

వచ్చే ఏడాది రెండువైపుల బోర్డులు ప్రయత్నిస్తాం. బోర్డు తిప్పినప్పుడు రంధ్రాలు కుదరడానికి పిన్నుల ఏర్పాటు మొదలైంది. గాడి తీసే వి ఆకారపు బిట్లు అడుగంటాయి, సభలో మంజూరు కోరుతున్నాం. కింది ఇంటివారి అభ్యర్థన మేరకు రాత్రి 8 తర్వాత కోత ఉండదు. సంఘం రెండో మల్టీమీటర్ ఎవరి దగ్గరుందో వారు దయచేసి సభ రోజు వెంట తీసుకురాగలరు.

కార్యదర్శి