శనివారం టేస్టింగ్ ఎందుకు ఆపేశానంటే

గత శనివారం సాయంత్రం మా బార్‌లో జరగాల్సిన బెల్జియన్ బీర్ టేస్టింగ్‌ని శుక్రవారం మధ్యాహ్నం రద్దు చేశాను. పేరు రాయించుకున్న 24 మందికీ రెండు ముక్కల్లో మెసేజ్ పెట్టాను: "సరుకు బాగాలేదు, టేస్టింగ్ ఆపుతున్నాం, డబ్బు వాపసు ఇస్తాం." అంతకుమించి రాసే స్థితిలో అప్పుడు లేను. ఏం జరిగిందని తర్వాత చాలామంది అడిగారు. ఒకరిద్దరికి కోపం కూడా వచ్చింది. వేరే పనులు మానుకుని ఆ సాయంత్రం మాకోసం ఖాళీ పెట్టుకున్నారు, ఆ కోపం న్యాయమే. అందుకే జరిగింది జరిగినట్టు చెప్తున్నాను.

ముందు డబ్బు సంగతి. సోమవారమే అందరికీ పంపేశాం. అందనివాళ్లు కౌంటర్ దగ్గర ఒక్క మాట చెప్పండి, అక్కడికక్కడే ఇచ్చేస్తాం.

ఆ రోజు ఆరు బీర్లు, వాటితో ఆరు చిన్న ప్లేట్లు అనుకున్నాం. రొయ్యల క్రోకెట్‌తో ధనియాలు, నారింజ తొక్క వేసిన గోధుమ బీరు, విట్‌బీర్. కాల్చిన చికెన్‌తో సేజాన్ అనే పల్లెటూరి బీరు. మసెల్స్‌తో, అంటే సముద్రపు ఆల్చిప్పలతో, గూజ్ అనే పుల్లటి బీరు. ఆస్పరాగస్‌తో ట్రిపెల్ అనే బంగారు రంగు ఘాటు బీరు. కార్బొనాడ్ అనే బీఫ్ కూరతో ముదురు రంగు వెస్ట్‌మాల్ డుబ్బెల్. చివర్లో బ్లూ చీజ్‌తో రోష్‌ఫోర్ 10 అనే ఘాటైన ముదురు బీరు. వీటిలో మూడు మా సెల్లార్‌లో ముందునుంచే ఉన్నాయి. మిగతా మూడు, అంటే సేజాన్, గూజ్, ట్రిపెల్, కొత్త లోడులో రావాలి. గురువారం పొద్దున వచ్చాయి. అవి ఏ బ్రూవరీలవో ఇక్కడ రాయను. తప్పు వాళ్లది కాదు, వాళ్ల పేరు ఈ కథలోకి లాగడం నాకిష్టం లేదు.

మొదటి పెట్టె తెరవగానే గూజ్ సీసాలు చూసి నా గుండె జారిపోయింది. కార్క్ మీద బిగించిన తీగ కింద జిగటగా ఎండిపోయిన చారలు. లేబుల్ అంచులు తడిసి, ఆరి, గోధుమరంగుకి తిరిగాయి. కొన్ని సీసాల్లో కార్క్ తీగకి ఒత్తుకుని పైకి ఉబికి ఉంది. గూజ్‌లో గ్యాస్ ఎక్కువ. వేడి తగిలితే ఆ ఒత్తిడికి కార్క్ కదులుతుంది, సందులోంచి బీరు కారుతుంది, గ్యాస్ పోతుంది, గాలి లోపలికి వెళ్తుంది. ఒకటి తీస్తే అసలు చప్పుడే లేదు. గ్లాసులో పోస్తే నురగ నిలవలేదు. పులుపు ఉంది, కానీ వెనిగర్‌లా గొంతులో గీరుకునే పులుపు. సేజాన్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. మూత తీయగానే సగం సీసా టేబుల్ మీదికి పొంగిపోయింది, మిగిలిన సగంలో మడ్డి అంతా కలిసిపోయింది.

అన్నానికైతే ఒక మెతుకు పట్టుకుంటే చాలు, సీసాలకి ఆ లెక్క పనికిరాదు. అందుకని పెట్టెకొకటి చొప్పున తీశాను. గూజ్ తొమ్మిది తెరిస్తే బాగున్నవి రెండే.

ట్రిపెల్ దగ్గర మాత్రం నాకు అనుమానం వచ్చింది. చూడ్డానికి బంగారు రంగులో, నురగతో చక్కగా ఉంది. కానీ వాసన చూస్తే ఏదో అడుగున తడిసిన అట్టపెట్టె వాసన. టెన్షన్‌లో నేనే ఊహించుకుంటున్నానేమో అనిపించింది. పాత లోడులోది అదే ట్రిపెల్ సెల్లార్‌లో కొంత మిగిలి ఉంది. కిచెన్ చూసుకునే మా చెల్లెలిని పిలిచి పరీక్ష పెట్టమన్నాను. మూడు గ్లాసులు, రెండింటిలో ఒకటే బీరు, ఒకదాంట్లో వేరేది. గ్లాసు అడుగున చీటీ అంటించి, క్రమం మార్చి ఇస్తుంది. వేరేది ఏదో నేను కనిపెట్టాలి. నాలుగుసార్లు పెట్టింది, నాలుగుసార్లూ పట్టుకున్నాను. నాలుగోసారి తను కూడా వాసన చూసి, "అన్నయ్యా, ఇది ఇక్కడెవరికీ ఇవ్వొద్దు" అంది.

అప్పుడు సప్లయర్‌కి ఫోన్ చేశాను. మూడేళ్లుగా నాకు సరుకిస్తున్న మనిషి. ఈ లోడు చల్లటి కంటైనర్‌లో తెప్పిస్తానని మాటిచ్చాడు, దానికి అదనంగా డబ్బు కూడా తీసుకున్నాడు. టెంపరేచర్ రికార్డు పంపమన్నాను. ముందు ఆఫీసులో అడగాలన్నాడు. తర్వాత మెషిన్ పనిచేయలేదన్నాడు. గంట తర్వాత మళ్లీ చేస్తే అసలు విషయం బయటికొచ్చింది. మామూలు కంటైనర్‌లో వచ్చింది. కాగితాల గొడవ వల్ల పోర్టు యార్డులో ఎండలో 19 రోజులు అలాగే ఉండిపోయింది.

బీరుకి వేడి ఏం చేస్తుందో అతనికి తెలియక కాదు. చల్లటి సెల్లార్‌లో నెలల తరబడి మెల్లగా జరిగే మార్పు ఇనుప పెట్టెలో ఎండకి వారాల్లో జరిగిపోతుంది. పైగా ఇవి సీసాలో బతికున్న ఈస్ట్‌తో వచ్చే బీర్లు. గూజ్ సంగతైతే తలచుకుంటేనే బాధగా ఉంది. దాని మూలం లాంబిక్ అనే బీరు. బ్రస్సెల్స్ చుట్టుపక్కల, సెన్ నది లోయలో, చలి నెలల్లో మాత్రమే కాస్తారు. గింజల నుంచి తీసి మరిగించిన రసాన్ని వెడల్పాటి తొట్టిలో రాత్రంతా తెరిచి వదిలేస్తే గాలిలోని ఈస్ట్ వచ్చి దాన్ని పులియబెడుతుంది. తర్వాత ఓక్ పీపాల్లో ఏళ్లపాటు ఉంచుతారు. ఏడాదిది, రెండేళ్లది, మూడేళ్లది కలిపి సీసాకెత్తితే, సీసాలో మళ్లీ పులిసి గూజ్ అవుతుంది. మూడేళ్ల ఓపికని ఎవరో ఒక కాగితం మీద సంతకం పెట్టడం ఆలస్యం చేసి ఎండలో పారబోశారు.

ఇదంతా చెప్తే అతను అన్న మాట ఇది: "చల్లగా చేసి ఇచ్చేయండి సార్. మీ బార్‌కి వచ్చేవాళ్లకి అంత తేడా ఏం తెలుస్తుంది?"

నిజమే, బాగా చల్లబరిస్తే నాలుక మొద్దుబారుతుంది, చాలా లోపాలు దాగిపోతాయి. అందుకే ఆ మాట నాకు మరీ గుచ్చుకుంది. అది తెలియక అన్నది కాదు, తెలిసి అన్నది. మీరెవరో అతనికి తెలియదు. ఓర్వాల్ అనే బెల్జియన్ బీరు సీసా అందుకోగానే తిప్పి లేబుల్ మీద సీసాకెత్తిన తేదీ చూసే అమ్మాయి ఇక్కడికి వస్తుందని తెలియదు. కొత్త ఓర్వాల్‌లో హాప్స్ అనే చేదు పూల వాసన గుప్పుమంటుందని, ఏడాది దాటితే బ్రెటనోమైసిస్ ఈస్ట్ తన పని చేసి ఎండుగడ్డి, తోలు వాసన తెస్తుందని నాకు చెప్పింది తనే. ట్రిపెల్ పోసేటప్పుడు చివరి గుక్క మడ్డిని విడిగా చిన్న గ్లాసులో ఇమ్మని అడిగే పెద్దాయన ఉన్నారని తెలియదు. నేను ఆరేళ్లు కష్టపడి నేర్చుకున్నదానికంటే, మీతో కౌంటర్ దగ్గర మాట్లాడి నేర్చుకున్నది ఎక్కువ. "వచ్చేవాళ్లకి ఏం తెలుస్తుంది" అన్నవాడి దగ్గర ఇక నేను సరుకు కొనను. మూడేళ్ల పరిచయమైనా సరే.

అయితే నన్ను నిజంగా రాత్రంతా నిద్రపోనివ్వనిది ఆ మాట కాదు, దాని తర్వాత వచ్చిన బేరం. ఈ లోడు గురించి గొడవ చేయకుండా టేస్టింగ్ జరిపేస్తే రెండు పెట్టెలు వెస్ట్‌ఫ్లేటరెన్ 12 ఊరికే పంపిస్తానన్నాడు. శనివారానికల్లా అందుతాయన్నాడు.

ఆ పేరు మీలో ఎంతమంది నా చెవిలో వేశారో లెక్కలేదు. పసుపు మూత, 10.2 శాతం ఆల్కహాల్, బెల్జియంలోని సెయింట్ సిక్స్‌టస్ మఠంలో సన్యాసులు కాచే బీరు. వాళ్లు మఠం నడవడానికి ఎంత కావాలో అంతే కాస్తారు, గిరాకీ ఉంది కదా అని పెంచరు. ఎక్కువగా ముందుగా బుక్ చేసుకున్నవాళ్లకే ఇస్తారు. కొన్నవాళ్లు తిరిగి అమ్మకూడదనేది వాళ్ల షరతు. 2012లో కట్టడాల ఖర్చు కోసం ఒకసారి బయటి దేశాలకి పంపారు. ఇలా ఎవరో సప్లయర్ చేతిలో ఊరికే పంచడానికి ఉందంటే, మధ్యలో ఎవరో ఒకరు సన్యాసులకిచ్చిన మాట తప్పి ఉంటారు.

ఇది తెలిసి కూడా నేను వెంటనే వద్దనలేదు. ఒప్పుకుంటున్నాను. గురువారం రాత్రి షట్టర్ దించాక కౌంటర్ దగ్గర కూర్చుని లెక్కలు వేశాను. సెల్లార్‌లోని మూడు బీర్లున్నాయి, దానికి ఇది తోడైతే నాలుగు. గూజ్ లేకపోయినా ఎవరూ బాధపడరు, అందరూ పసుపు మూత గురించే మాట్లాడుకుంటారు. ఏళ్లుగా అడుగుతున్నవాళ్ల ముఖాలు ఒక్కొక్కటే కళ్లముందు కనబడ్డాయి. అమ్మడం లేదు కదా, ఊరికే పోస్తాను కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను కూడా. కానీ టేస్టింగ్‌కి మీరు డబ్బు కట్టారు, అది ఊరికే పోయడం ఎలా అవుతుంది? పైగా ఆ బీరు గ్లాసులో పోసిన ప్రతిసారీ, ఎండలో పాడైన గూజ్ గురించి నోరుమూసుకున్నందుకు వచ్చిన కూలి ఇది అని నాకు తెలుస్తూనే ఉంటుంది. మీ ఎదురుగా నిలబడి దాని గురించి గొప్పగా చెప్పడానికి నాకు మనసొప్పలేదు. పొద్దున ఏడింటికి వద్దని మెసేజ్ పెట్టాను.

మిగిలిన మూడింటితోనే నడపమని, కావాలంటే ఏదైనా పిల్స్‌నర్, అంటే మామూలు తేలికపాటి బీరు, కలపమని కొందరన్నారు. అది చేయలేను. మసెల్స్‌ని మేం వైన్‌లో కాదు, గూజ్‌లోనే ఉడికిస్తాం. మామూలుగా నిమ్మరసం చేసే పని అక్కడ ఆ పులుపు చేస్తుంది. పక్కన అదే గూజ్ గ్లాసులో ఉంటే, మసెల్స్‌లోని సముద్రపు ఉప్పదనం, బీరులోని పులుపు ఒకదాన్నొకటి పైకి లేపుతాయి. ఆ ప్లేటు కోసమే మొత్తం మెనూ అలా పేర్చాం. అది తీసేస్తే మిగిలేది మూడు బీర్లు, మూడు ప్లేట్లు, టేస్టింగ్ కాదు.

ఇకమీదట ఏం మారుతుందంటే, సరుకు నా చేతికొచ్చి, పెట్టెకొకటి తీసి రుచి చూసేదాకా సీట్లు బుక్ చేయను. అంటే మీకు రెండు వారాల ముందు మాత్రమే తేదీ తెలుస్తుంది, ఇంతకుముందులా నెల ముందు కాదు. ప్లాన్ చేసుకోవడానికి ఇది ఇబ్బందే. అయినా మార్చను. కొత్త సప్లయర్‌తో మాట్లాడుతున్నాను, టెంపరేచర్ రికార్డు లేకుండా ఒక్క పెట్టె కూడా దించుకోనని ముందే చెప్పాను. మంచి గూజ్ దొరికేదాకా టేస్టింగ్‌లో ఆరు బదులు నాలుగే ఉంటాయి: విట్‌బీర్, ఓర్వాల్, డుబ్బెల్, రోష్‌ఫోర్ 10. రుసుము కూడా ఆ మేరకు తగ్గుతుంది. మసెల్స్ ఉండవు. ఓర్వాల్‌తో చీజ్ ఉంటుంది, ఒకటి కొత్త సీసా, ఒకటి ఏడాది దాటింది, రెండూ పక్కపక్కన పోస్తాను.

పాడైన సీసాలు వెనక గదిలో అలాగే ఉన్నాయి. సగం డబ్బు వెనక్కిస్తానని సప్లయర్ అంటున్నాడు, మొత్తం ఇచ్చేదాకా నేను ఊరుకోను. తక్కువ ధరకి అమ్మేయమని ఒకరు సలహా ఇచ్చారు. అమ్మను.

శనివారం రాత్రి బార్ మాత్రం తెరిచే ఉంచాం. చెల్లెలు శుక్రవారమే కార్బొనాడ్ వండేసింది. బీఫ్, బోలెడన్ని ఉల్లిపాయలు, డుబ్బెల్ పోసి, పైన ఆవపిండి ముద్ద రాసిన బ్రెడ్ ముక్కలు పరిచి సన్నటి మంట మీద గంటల తరబడి ఉంచుతుంది. బ్రెడ్ కరిగిపోయి పులుసు దానంతటదే చిక్కబడుతుంది. మర్నాటికి ఇంకా బాగుంటుంది. టేస్టింగ్ లేదని తెలిసి కూడా పదకొండు మంది వచ్చారు. వాళ్లందరికీ అదే పెట్టాం, డబ్బు తీసుకోలేదు.

మడ్డి విడిగా అడిగే పెద్దాయన కూడా వచ్చారు. కథంతా విని, ఆ ట్రిపెల్ ఒకసారి చూపించమన్నారు. ఏది ఏదో చెప్పకుండా పాతది, కొత్తది చెరో గ్లాసులో పోసిచ్చాను, చల్లగానే. కొత్తదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, తాగకుండానే కిందపెట్టేశారు. గ్లాసుని వేలితో నా వైపు జరిపి, "దీనికేమైంది?" అన్నారు.

శనివారం పేర్ల కాగితం కౌంటర్ పక్కన గోడ మీద అలాగే ఉంది, 24 పేర్లూ అదే వరుసలో. తేదీ ఖాయం కాగానే ముందు వాళ్లకే ఫోన్ చేస్తాను. ఎవరైనా రాలేమంటేనే కొత్త పేరు రాస్తాను.