చిలుకల లెక్క ఎవరు వేస్తారు?

సంపాదకులకు నమస్కారం.

వంటనూనెల దిగుమతి తగ్గాలంటే రైతులు మళ్లీ పొద్దుతిరుగుడు వేయాలని పత్రికల్లో తరచూ వ్యాసాలు వస్తున్నాయి. వాటిలో చిలుకల ఊసెత్తినది ఒక్కటీ నా కంటపడలేదు. నంద్యాల జిల్లా నల్లరేగడిలో ఈ పంట పండిస్తున్నవాణ్ని కనుక ఆ సంగతి నేనే రాస్తున్నాను.

మా నాన్న రోజుల్లో మా చుట్టుపక్కల రబీలో ఎటు చూసినా పచ్చటి పూలే. 1997లో కర్ణాటకలో బయటపడిన నెక్రోసిస్ అనే వైరస్ తెగులు తర్వాత చాలామంది వెనకడుగు వేశారు. వయ్యారిభామ పుప్పొడి మీదుగా తామర పురుగులు అంటించే ఆ వైరస్సే 2000లో అనంతపురం వేరుశనగనూ మాడ్చింది. ఆ చేలన్నీ ఇప్పుడు శనగ. ఊరు మొత్తానికి పొద్దుతిరుగుడు వేసేది మేం ఇద్దరు ముగ్గురం. ఒకప్పుడు ఊళ్లోని చేలన్నిటినీ పంచుకుని తిన్న చిలుకలు ఇప్పుడు మా చేల మీదే వాలుతున్నాయి.

ముదిరిన పువ్వు పొద్దుతో పాటు తిరగదు. తూర్పు వైపు ఉండిపోయి తల వంచేస్తుంది. చిలుక దాని వెనక ఎక్కి కూర్చుని, మెడ కిందికి సాచి, అంచు వరుసల్లోంచి గింజ లాగుతుంది. పొట్టు ఒలిచి పప్పు తింటుంది. తిన్నదానికన్నా రాల్చేది ఎక్కువ. గింజ పాలు పోసుకున్నది మొదలు కోత దాకా పొద్దున, సాయంత్రం చేలో మనిషి ఉండాల్సిందే. డబ్బాలు కొట్టాం, వడిసెల తిప్పాం, మెరుపు రిబ్బన్లు కట్టాం. రిబ్బన్లకు కొన్నాళ్లు బెదిరాయి. తర్వాత అవి కట్టిన కర్రల మీదే తీరిగ్గా కూర్చుంటున్నాయి. కావలి కూలి కూడా లెక్కలోకి తీసుకుంటే శనగ వేసిన పొరుగు రైతే తెలివైనవాడు.

ఇక తేనెటీగలు. పక్క చేలో మందు కొడితే అవి రావు. అప్పుడు ఆడకూలీలు అరచేతికి మెత్తటి గుడ్డ చుట్టుకుని, ఎండ ముదరకముందే, రోజు విడిచి రోజు పుప్పొడి అంటుకునేలా పువ్వు పువ్వునూ రుద్దాలి. లేకుంటే పువ్వు నడుమ అంతా తాలే. ఎకరానికి రెండు తేనెపెట్టెలు పెట్టుకోమని శాస్త్రవేత్తలు చెబుతారు. మంచి సలహానే. పెట్టెలు అద్దెకిచ్చేవారు మాకు దగ్గర్లో లేరు.

ధర సంగతీ అంతంత మాత్రమే. 2025 మే 28న కేంద్రం క్వింటాలు మద్దతు ధరను 7,721 రూపాయలకు పెంచింది. రెండు రోజులు తిరక్కుండానే, మే 30న, ముడి పొద్దుతిరుగుడు నూనెపై ప్రాథమిక దిగుమతి సుంకాన్ని 20 నుంచి 10 శాతానికి తగ్గించింది. వినియోగదారుకు అది ఊరటే, కాదనను. కానీ రష్యా, ఉక్రెయిన్, అర్జెంటీనాల నూనె చౌకగా దిగుతుంటే మిల్లరు మా గింజకు మద్దతు ధర ఎందుకిస్తాడు?

2024లో ప్రకటించిన నూనెగింజల జాతీయ మిషన్‌కు 10,103 కోట్లు కేటాయించారు. అందులో క్లస్టర్ల మాట కూడా ఉంది. దాన్ని కాగితం మీద ఉంచకుండా, పక్కపక్క చేల రైతులందరూ ఒకే పదిహేను రోజుల్లో విత్తేలా చూడాలి. పూత ఒకేసారి వస్తుంది, పక్షుల నష్టం అందరికీ సర్దుకుంటుంది, తేనెపెట్టెలు తెచ్చేవారికీ గిట్టుబాటవుతుంది. ఊరికి నాలుగు విత్తన సంచులు పంచి చేతులు దులుపుకుంటే బాగుపడేది చిలుకలే. రోడ్ల పక్క వయ్యారిభామను పూతకు రాకముందే పంచాయతీలు పీకించాలి.

కొనుగోలు కేంద్రాలు కోతలు మొదలయ్యేనాటికే తెరవాలి. శనగలైతే శీతల గిడ్డంగిలో పెట్టి ధర కోసం చూడవచ్చు. ఈ గింజను అలా దాచుకునే వీలు మాకు లేదు. కొనుగోలు కేంద్రాన్ని ఆలస్యంగా తెరిస్తే అప్పటికే సరుకు వ్యాపారి చేతికి పోయి ఉంటుంది.

— ఒక రైతు, నంద్యాల జిల్లా