మొదటి ఏడాదే మర్రిగూడ నీళ్లు పరీక్షించనివ్వండి

ఉన్నత విద్యామండలి చైర్మన్ గారికి నమస్కారం.

మా నల్లగొండ పిల్లలు ఇంజినీరింగ్ మొదటి ఏడాది ఎక్కువగా లెక్కలు, ఫిజిక్స్ లాంటి పరీక్షలతోనే గడుపుతున్నారు. ఇంజినీరు చేసే పని చూసేది ఎక్కువగా చివరి ఏడాది ప్రాజెక్టులోనే. కొందరు దాన్నీ కొనుక్కొస్తారు.

మొదటి ఏడాదే చేయదగ్గ పని మా దగ్గరే ఉంది. తాగునీళ్లలో ఎక్కువైతే పళ్లు, ఎముకలు పాడుచేసే ఫ్లోరైడ్‌ను తీయడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన పద్ధతికి మన జిల్లా పేరే ఉంది, నల్లగొండ టెక్నిక్ అని. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేర్చి, వడపోస్తారు. ఇంట్లో బకెట్‌తోనైనా చేయొచ్చు. మా జిల్లాలో ఫ్లోరైడ్ బాధ ఉన్న మర్రిగూడ నుంచి బోరు నీళ్లు తెచ్చి, పటిక ఎంత వెయ్యాలి, అడుగున చేరిన మడ్డిని ఎక్కడ పారబొయ్యాలి, నెలకు ఖర్చెంత, రోజూ ఆ పని చేయాల్సిన ఇల్లాలు ఏమంటుంది, ఇవన్నీ మొదటి సెమిస్టర్‌లోనే తేల్చమనండి. రిపోర్టు గ్రామసభలో చదివించండి.

మార్కులు లేకపోతే ఏ కాలేజీ పట్టించుకోదు. యూనివర్సిటీలతో మాట్లాడి, వచ్చే ఏడాది సిలబస్‌లోనే క్రెడిట్లతో చేర్పించండి.

ఇట్లు,
ఒక విద్యార్థి తండ్రి, నల్లగొండ