సింగపూర్‌ను చూసి నేర్చుకోవాల్సింది ఇదేనా?

సంపాదకులకు నమస్కారం.

సింగపూర్‌లో చైనా బస్సు డ్రైవర్ల సమ్మెను రెండు రోజుల్లో ఎట్లా ముగించారో చూడండి, మన ఆర్టీసీ సమ్మెలకూ అదే మందు అని హైదరాబాదు పాఠకుడొకరు రాసిన ఉత్తరం మీ పత్రికలో చదివాను. ఈ ఏడాది (2012) నవంబరు 26న ఆ సమ్మె మొదలైనప్పుడు నేను సింగపూర్‌లోనే మా అబ్బాయి ఇంట్లో ఉన్నాను. ముప్పై ఏళ్లకు పైగా స్టీరింగు పట్టి నిరుడు రిటైరైన వాణ్ని. ఆ ఉత్తరం చదివాక చేతులు ముడుచుకుని కూర్చోబుద్ధి కాలేదు.

ఆ రోజు అక్కడ బస్సులు, రైళ్లు నడిపే ఎస్‌ఎంఆర్‌టీ కంపెనీలో 171 మంది చైనా డ్రైవర్లు డ్యూటీ ఎక్కలేదు. మర్నాడు 88 మంది ఎక్కలేదు. వారం తిరగకముందే 29 మందికి పని పర్మిట్లు రద్దు చేసి విమానం ఎక్కించారు. మిగతావాళ్లలో దాదాపు అందరికీ పోలీసు హెచ్చరికలు. ఐదుగురి మీద కేసు పెట్టారు, అందులో ఒకాయనకు డిసెంబరు 3న ఆరు వారాల జైలు పడింది. అక్కడ బస్సు అత్యవసర సేవ, సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. వాళ్లు ఇవ్వలేదు. చట్టం ప్రకారం తప్పే, దాన్ని నేను కాదనను. నోటీసు మన దగ్గరా ఇవ్వాల్సిందే. కానీ నోటీసు రాసి పెట్టడానికి మాకు యూనియన్ ఆఫీసు ఉండేది, తిరగడానికి నాయకులుండేవారు. ఆ చైనావాళ్లలో యూనియన్ సభ్యత్వం ఉన్నవాళ్లు కొద్దిమందే.

ఆ పాఠకుడు వేసిన లెక్క ఇది: ఆ చైనా డ్రైవర్లకు నెలకు వచ్చే 1,075 సింగపూర్ డాలర్లంటే మన డబ్బుల్లో 48 వేలు, డ్రైవరుకు ఇంకేం కావాలి? అయ్యా, ఆ డాలర్లు ఖర్చయ్యేదీ సింగపూర్‌లోనే. అయినా వాళ్ల గొడవ 48 వేలు చాలవని కాదు. అదే కంపెనీలో అదే బస్సు నడిపే మలేషియా డ్రైవరుకు మూలవేతనం 1,400 డాలర్లు. స్థానికుడికి ఇంకా ఎక్కువ. ఒకే డిపోలో, ఒకే చార్టులో పేర్లున్న ఇద్దరికి జీతంలో అంత తేడా ఉంటే మన దగ్గర డిపో గేటు తెరుచుకునేదా?

సంతకం పెట్టినప్పుడు తెలియదా అని కూడా ఆయన అడిగాడు. ఈ మే నెలలో కంపెనీ వారానికి ఐదు రోజుల పనిని ఆరు రోజులు చేసింది. ఊళ్లో ఏజెంటు ముందు కూర్చుని రెండేళ్ల కాంట్రాక్టు మీద సంతకం పెట్టిన మనిషికి అది ఎట్లా తెలుస్తుంది?

కంపెనీ చెప్పే జవాబు ఒకటుంది. చైనావాళ్లకు వసతి, కరెంటు, రానుపోను ఖర్చు మేమే పెట్టుకుంటున్నాం, అది కలుపుకుంటే సమానమే అని. ఇక్కడ నేను కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇది డ్రైవరుకు తప్ప మరొకరికి తొందరగా అర్థం కాదు. ఆ వసతిలో నల్లులు ఉన్నాయని డ్రైవర్లు మొత్తుకున్నారు. వేర్వేరు షిఫ్టులవాళ్లను ఒకే గదిలో పెట్టారు. ఫస్టు బస్సు తీసేవాడు మూడింటికి లేచి లైటు వేస్తాడు. ఆఖరి ట్రిప్పు కొట్టి ఒంటిగంట దాటాక వచ్చి పడుకున్నవాడికి అప్పుడే కన్ను అంటుకుని ఉంటుంది. పగలు వాడు నిద్రపోవాలనుకుంటే ఇంకొకడు వంట మొదలుపెడతాడు. ఎవరి తప్పూ కాదు, గది తప్పు. నైట్ హాల్టు ఊళ్లలో నేను ఎండాకాలం బస్సు టాపు మీద పడుకునేవాణ్ని, గాలి తగిలేది, నాలుగు గంటలైనా ఒంటికి పట్టేది. నిద్ర చాలని రోజు బ్రేకు మీద కాలు అర క్షణం ఆలస్యంగా పడుతుంది. ఆ అర క్షణం వెనక సీట్లలో కూర్చున్నవాళ్లది. మలేషియా డ్రైవర్లలో చాలామంది సరిహద్దు అవతల జొహోర్‌లో సొంత ఇంట్లో పడుకుని, తెల్లవారకముందే మోటారుసైకిళ్ల మీద సముద్రం మీది కాజ్‌వే రోడ్డు దాటి వస్తారు. వాళ్లకూ కష్టమే, కానీ పక్క తమది. వసతిని జీతంలో కలిపి లెక్క కట్టేవాళ్లు ఆ గదిలో ఒక వారం పడుకుని చూసి లెక్క కట్టాలి. వసతి విషయంలో లోపం జరిగిందని చివరికి కంపెనీయే ఒప్పుకుంది. ఇంకా బాగా చూసుకుని ఉండాల్సిందని ప్రభుత్వమూ కంపెనీకి చెప్పింది. ఆ ముక్క మన పాఠకుడి ఉత్తరంలో లేదు.

ఇక అక్కడి జనం సంగతి. సింగపూర్ ప్రజలంతా చప్పట్లు కొట్టారన్నట్టు ఆయన రాశాడు. నేను విన్నది వేరు. మా అబ్బాయి పక్క ఫ్లాటులో రిటైరైన టాక్సీ డ్రైవరు ఒకాయన ఉన్నాడు, చైనా సంతతివాడే. మొదటి రోజు 'పంపించెయ్యాలి వీళ్లను' అన్నాడు. ఆయన కోపం జీతం గురించి కాదు. మే నెలలో చైనా నుంచి వచ్చిన ఒక డబ్బున్నవాడు ఫెరారీతో టాక్సీని గుద్దితే టాక్సీ డ్రైవరు, అందులోని ప్రయాణికురాలు చనిపోయారు. అప్పటినుంచి చైనావాడంటే ఆయనకు ఒళ్లు మంట. ఇద్దరి పూర్వీకులదీ ఒకే దేశం కదా అని మా అబ్బాయి నవ్వాడు. ఒకే భాష మాట్లాడినంత మాత్రాన ఒకటైపోరని తెలంగాణవాళ్లకు వేరే చెప్పాలా! రెండు రోజులు పోయాక అదే పెద్దమనిషి లిఫ్టు దగ్గర ఆపి, ఇదివరకు 1986లో ఒక అమెరికా కంపెనీలో సమ్మె జరిగిందనీ, మళ్లీ 26 ఏళ్లకు ఇదేననీ చెప్పాడు. అప్పుడు అనుమతిచ్చిన ఓంగ్ టెంగ్ చియాంగ్ యూనియన్ నాయకుడూ మంత్రీ కూడా. చెబితే ఆపేస్తారని మంత్రివర్గానికి చెప్పకుండానే అనుమతిచ్చానని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడట. ఆ మనిషే దేశాధ్యక్షుడూ అయ్యాడు. ఇది చెప్పేటప్పుడు పెద్దాయన ముఖంలో గర్వం కనిపించింది. నిరుడు డిసెంబరులో రైళ్లు ఆగిపోయి ఇదే కంపెనీ మీద మండిపడ్డవాళ్లు కొందరు, సమాన పనికి సమాన జీతం ఇస్తే పోయేదేముందని అన్నారు. ఇంకొందరు, చవగ్గా వచ్చేవాళ్లను తెచ్చి మా జీతాలు పెరగనివ్వడం లేదన్నారు. అదీ ఆలోచించాల్సిన మాటే.

మనవాళ్ల మాటా రాయాలి. మా అబ్బాయి స్నేహితులు 'రూలంటే రూలే అంకుల్' అని వదిలేశారు. వాళ్లకు నచ్చకపోతే ఇంకో కంపెనీ ఉంది, అందుకని. ఆదివారం లిటిల్ ఇండియాలో మా కోరుట్ల దిక్కు పిల్లగాడొకడు కలిశాడు, బిల్డింగు పనిలో రోజుకు 18 డాలర్లు. 'వెయ్యి దాటి వస్తుంటే సమ్మె ఏంది బాపూ' అన్నాడు. వాడి కోపం నాకు అర్థమైంది. వాడికన్నా ఎక్కువ వచ్చేవాడు అడిగితేనే విమానం ఎక్కించారు, వాడు అడిగితే ఏమవుతుందో వాడికి బాగా తెలుసు.

2001లో మేం 24 రోజులు సమ్మె చేసినప్పుడు మా వీధి కిరాణా ఆయన ఖాతా బంద్ అన్నాడు. నిరుడు సకల జనుల సమ్మెలో అదే ఆయన మాకు బియ్యం పంపాడు. జనం కోపం అటూ ఇటూ పోతుంటుంది, దాన్ని చూసి ఎవరిది న్యాయమో తేల్చలేం.

ఆ హైదరాబాదు పాఠకుడికి ఒక్క సంగతి గుర్తు చేస్తాను. మా మేనల్లుడు షార్జాలో ఒక కంపెనీకి లేబర్ క్యాంపు బస్సు నడుపుతాడు. ఇక్కడ ఏజెంటు చెప్పిన జీతం ఒకటి, అక్కడ చేతికొచ్చింది ఒకటి. పాసుపోర్టు కంపెనీ దగ్గరే. మా జిల్లాలో ఇట్లాంటి డ్రైవరు లేని ఊరు వెతకాల్సిందే. 2007లో దుబాయిలో కూలీలు పని ఆపినప్పుడు ఇదే మాట, దేశం నుంచి పంపేస్తామని. అప్పుడు మనం అయ్యో మన పిల్లలు అనుకున్నాం. చైనావాడి తల్లికి మాత్రం అట్లా అనిపించదా?

సమ్మెకు పురిగొల్పారని నలుగురు డ్రైవర్ల మీద పెట్టిన కేసు ఈ ఉత్తరం రాసేనాటికి (డిసెంబరు 2012) ఇంకా కోర్టులోనే ఉంది. సమ్మె ముగిసిందన్న వార్త మీరు వేశారు. ఆ నలుగురి తీర్పు వచ్చినప్పుడు, ఆ గదులు మార్చారో లేదో తెలిసినప్పుడు అది కూడా వేయమని మనవి. ఆ పాఠకుడూ చదువుతాడు.

ఇట్లు,
విశ్రాంత ఆర్టీసీ డ్రైవరు,
జగిత్యాల, కరీంనగర్ జిల్లా
డిసెంబరు 2012