తేనె గబ్బిలాలకు గుహ ఒక్కటే చాలదు: కర్ణాటక అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. ఇరవై రెండేళ్లుగా బెంగళూరులో ఉంటున్న తెలుగువాడిని. ఈ విజ్ఞప్తిని కన్నడలో మీ కార్యాలయానికి పంపాను. మా వీధిలో సగం ఇళ్లు తెలుగువాళ్లవే. గబ్బిలం అనగానే కిటికీలు మూసేది మేమూ కాబట్టి తెలుగులోనూ రాస్తున్నాను.

మా ఇంటి ఎదుట ఒక తెల్లబూరుగ చెట్టు ఉంది. చలికాలంలో ఆకు రాల్చి మొగ్గ తొడుగుతుంది. పొద్దుగూకాక పూలు విచ్చుకుని తేనె ఊరుతుంది. కాసేపటికి పొట్టిముక్కు గబ్బిలాలు వస్తాయి. పువ్వు మీద వాలడం, మూతి దూర్చడం, లేచిపోవడం అంతా రెప్పపాటులో జరుగుతుంది. ఒకసారి వీధి దీపం వెలుగులో ఒకదాని మెడ కింద పసుపు రాసినట్టు పుప్పొడి కనిపించింది. పోయిన జనవరిలో కరెంటు తీగలకు అడ్డమని ఆ కొమ్మలు నరికించారు. ఉదయం పాలకు వెళ్తూ చూస్తే రోడ్డంతా విచ్చుకోని మొగ్గలు. పూత అయ్యేదాకా ఆగితే సరిపోయేది.

ఈ పొట్టిముక్కుది ముఖ్యంగా పండ్ల తిండి. పూలు దొరికినప్పుడు తేనెకూ వస్తుంది. దాదాపు తేనె, పుప్పొడి మీదే బతికే దాని బంధువు కూడా మన రాష్ట్రంలో ఉంది. అదే గుహ తేనె గబ్బిలం, శాస్త్రీయ నామం ఇయోనిక్టెరిస్ స్పెలియా. పొడుగాటి నాలుక, దాని చివర కుంచెలాంటి నూగు. మిగతా పండ్ల గబ్బిలాల్లో చాలావాటికి చూపుడువేలికి ఉండే గోరు దీనికి ఉండదు. 1871లో డాబ్సన్ అనే జీవశాస్త్రవేత్త బర్మా గుహల్లో దొరికిన వాటిని చూసి దీన్ని లోకానికి పరిచయం చేశాడు. మన ఈశాన్య రాష్ట్రాలు, అండమాన్ మొదలుకొని మలేసియా, ఇండోనేసియా, ఫిలిప్పీన్స్ దాకా ఉంటుంది. దక్షిణాదిలో ఉత్తర కన్నడ జిల్లా కుమటా ప్రాంతంలో ఇది ఉన్నట్టు 1980 నాటికే పరిశోధకులు నమోదు చేశారు. అంత పెద్ద పటంలో మన వైపు ఉన్నవి ఇలాంటి కొన్ని చుక్కలే.

పగలు గుహలో వేలాడే ఈ జీవి, మేత కోసం ఒక్క రాత్రిలో 30 కిలోమీటర్లకు పైగా వెళ్లగలదని మలేసియాలో గమనించారు. అక్కడ దురియన్ అనే ముళ్ల పండు తోటలకు కాపునిచ్చేది ముఖ్యంగా ఇదే. అయితే దురియన్ పూసేది కొన్ని వారాలే. మిగతా ఏడాదంతా మడ చెట్లూ అరటీ పోషిస్తేనే ఆ వారాలకు గబ్బిలం మిగులుతుంది. అందుకే గుహకు కంచె వేసి పని అయిపోయిందనుకోవడానికి వీల్లేదు. చుట్టూ ఏ నెలలో ఏ చెట్టు పూస్తుందో, ఏ నెల ఖాళీగా పోతుందో తెలియాలి. కుమటా పరిసరాల గుహలన్నింటినీ ఈ లెక్కతో సర్వే చేయించండి.

1972 వన్యప్రాణి చట్టం ఎలుకలు, కాకులతో పాటు పండ్ల గబ్బిలాలను కూడా హానికర జంతువుల జాబితాలో పెట్టింది. అదే కుటుంబానికి చెందినది కనుక తేనె గబ్బిలానికీ ఆ ముద్ర పడింది. 2022 సవరణతో ఆ జాబితానే పోయింది. మనుషుల మనసులో మాత్రం ఇంకా ఉంది. 2018లో కేరళలోని కోజికోడ్‌లో గబ్బిలాల నుంచి సోకే నిపా వైరస్ వచ్చాక భయం మరింత పెరిగింది. గబ్బిలం కొరికిన పండు తినవద్దని, చచ్చిన గబ్బిలాన్ని తాకవద్దని మా పిల్లలకు నేనూ చెబుతాను. ఆ జాగ్రత్త వేరు, చెట్టు నరకడం వేరు. చెట్టు కొట్టేస్తే గబ్బిలాలు మాయం కావు, చెదిరి ఇంకో వీధికి చేరతాయి.

నగరంలో అడిగేది చిన్న పనే. తెల్లబూరుగ, ఇప్ప, కబ్బన్ పార్కులో పొడుగాటి కాయలు వేలాడే కిజెలియా లాంటి రాత్రి తేనెనిచ్చే చెట్లను పూతకాలంలో నరకకూడదని సంబంధిత శాఖలతో మాట్లాడి ఉత్తర్వు ఇప్పించండి. తీగల కోసం కొట్టక తప్పకపోతే పూత రాకముందో, కాయ రాలాకో కొట్టమనండి.

మా వీధి బూరుగకు నరికిన చోట కొత్త కొమ్మలు వచ్చాయి. డిసెంబరులోగా ఆ ఉత్తర్వు వస్తే చాలు.

భవదీయుడు,
ఒక బెంగళూరు తెలుగువాడు